కోపం కాగితాలు పెట్టే చోటు

జూన్ 3

పెద్దమ్మకు నీ పిచ్చుక నమస్కారాలు.

నేనిక్కడ క్షేమంగా ఉన్నానని రాస్తే అబద్ధం, లేనని రాస్తే అమ్మ దాకా పోతుంది. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నాను. నీకు ఫోనులో మాట వినపడదు కదా, ఉత్తరమే దిక్కు.

నువ్వు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఏలిన రికార్డు గదిలో నేను చేరి మూడు నెలలైంది. ఏమీ మారలేదు. పదకొండు ర్యాకులు, సగమే తెరుచుకునే కిటికీ, ఒక కాలు పొట్టిదైన నీ స్టూలు, దాని కింద నువ్వు మడిచిపెట్టిన అట్టముక్క అన్నీ అలాగే ఉన్నాయి. నాకీ గది ఎంత నచ్చిందో చెప్పలేను. పొద్దున్నే తాళం తీస్తే వచ్చే ఆ పాత కాగితాల వాసన కోసమే పది నిమిషాలు ముందొస్తున్నాను. నేను ఏ ఉద్యోగంలోనూ నిలవనని అమ్మ అందరికీ చెప్పింది కదా, ఇక్కడ నిలుస్తాననుకున్నాను.

ఇప్పుడది కూడా పోయేలా ఉంది. కాలువ మీది నడకవంతెన పగుళ్ళిచ్చింది. బాగు చెయ్యాలో, పడగొట్టాలో తేల్చడానికి ఇంజినీర్లకు దాని పాత నక్షాలు కావాలట. తొమ్మిదో ర్యాకులో ఉండాల్సిన వంతెన ఫైలు అక్కడ లేదు. నేను చేరిన రోజున "అన్ని ఫైళ్ళూ ఉన్నవి" అనే జాబితా కింద, ఒక్కటీ లెక్కపెట్టకుండా సంతకం పెట్టాను. నీ గది కదా, అన్నీ ఉంటాయిలే అనుకున్నాను.

సూపరింటెండెంటు గారు నాకు మెమో ఇచ్చారు. ఆయన గదిలోకి రారు, ఎప్పుడూ గడప అవతలే నిలబడి మాట్లాడతారు. కాగితం కూడా అక్కడి నుంచే చెయ్యి చాపి ఇచ్చారు. నేను వంతెన ఫైలును "మిస్‌ఫైల్" చేశానట. జూన్ 24 లోపల సంజాయిషీ ఇవ్వకపోతే ప్రొబేషన్‌లోనే ఇంటికి పంపేస్తారు.

అసలా మాటకు సరైన అర్థమేమిటి? నిఘంటువులో "తప్పు చోట దాఖలు చేయుట" అని ఉంది. వచ్చే తపాలాకు నంబర్లు వేసే ఇన్‌వర్డు గుమాస్తానేమో "పోగొట్టావని మర్యాదగా అనడం" అంటున్నాడు. ఆ వంతెన ఫైలు నువ్వెప్పుడైనా చూశావా? అన్నట్టు, నేనుండే అద్దెగది మారాను. పెదనాన్నకు నమస్కారాలు.

నీ
పిచ్చుక


జూన్ 7

విషయం: ఒక ఇంగ్లీషు క్రియాపదం – అర్థము, వాడుక – గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ జూన్ 3.

చిరంజీవి పిచ్చుకకు పెద్దమ్మ దీవించి రాయునది.

ముందు ఏడుపు ఆపు. గది మారానన్నావు కానీ కొత్త అడ్రసు రాయలేదు. అందుకని ఇది ఆఫీసుకే పంపుతున్నాను.

ఆ మాటకు పోగొట్టడమని అర్థం కాదు. కాగితం క్షేమంగా ఉండి, దాన్ని వెతికేవాళ్ళు మాత్రం క్షేమంగా లేనప్పుడు వాడే మాట అది. మీ పెదనాన్న కళ్ళజోడు ఎన్నడూ పోగొట్టుకోలేదు. పంచదార డబ్బాలో పెడతారు, అంతే. మొన్న ఉప్పు తీసుకెళ్ళి సబ్బుల అరలో సర్దారు. ఎందుకండీ అంటే రెండూ తెల్లగానే ఉన్నాయిగా అన్నారు. మిస్‌ఫైల్ చెయ్యడమంటే ఏమిటో ఇంతకంటే వివరంగా ఏ నిఘంటువూ చెప్పదు.

ఇక వాడుక. నా సర్వీసు మొత్తంలో ఈ క్రియను తన గురించి వాడుకున్న మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు. తాము చేస్తే "కనపడటం లేదండీ" అంటారు. పై ఆఫీసరు చేస్తే "ఫైలు పరిశీలనలో ఉన్నది" అంటారు. కొత్తగా చేరిన పిల్ల దొరికితే మాత్రం "నువ్వు మిస్‌ఫైల్ చేశావు" అంటారు. కాబట్టి సంజాయిషీలో నీ చేత్తో ఆ మాట రాశావంటే నిన్నెవరూ కాపాడలేరు, చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాను.

వెతకడం కూడా ఒక పద్ధతిగా వెతుకు. ఉండాల్సిన చోట వెతకడం శుద్ధ దండగ, అక్కడుంటే ఈ గొడవే లేదు. అన్నం వేళకు హడావిడిగా లేచిన మనిషి చేయి ఎటు పోతుందో అటు చూడు. అదే రంగు అట్టల పక్కన, అంకెలు తారుమారైన చోట, పెద్ద ఫైళ్ళ కడుపులో.

మీ సూపరింటెండెంటు పొడుగ్గా ఉండి, తల ఓ పక్కకు వంచి, పక్కింటివాళ్ళ పోట్లాట వింటున్నవాడిలా ఉంటాడు, అతనేనా? నాకు బాగా తెలిసిన పిల్లవాడే. మంచివాడు, కాస్త పిరికి.

వంతెన ఫైలంటావా, నాకు గుర్తు లేదు. వయసు మీద పడింది.

రిటైరైన రోజున మీ ఆఫీసువాళ్ళిచ్చిన గోడగడియారం ఇప్పటికీ సెకను తప్పకుండా నడుస్తోంది. "ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క కాగితమూ చోటు తప్పలేదు" అని దాని మీద చెక్కించారు కదా. వచ్చినవాళ్ళందరి చేతా మీ పెదనాన్న అది పైకి చదివిస్తారు.

ఇట్లు,
పెద్దమ్మ


జూన్ 12

పెద్దమ్మా, ఇంత పని చేశావేం!

ఉత్తరానికి పైన "విషయం", "సూచిక" పెడతావా? కవరు మీద నా పేరు రాయకుండా "రికార్డు గది బాధ్యులకు" అని రాస్తావా? ఇన్‌వర్డు గుమాస్తా అది సర్కారు కాగితం అనుకుని చింపి, ముద్ర కొట్టి, 417 నంబరు వేసి సూపరింటెండెంటు గారికి పెట్టాడు. ఆయన మొత్తం చదివారు. "కాస్త పిరికి" కింద ఎర్ర గీత ఉంది. మార్జిన్లో "చూశాను" అని రాసి సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి తల నిటారుగా పెట్టుకుని నడుస్తున్నారు, చూస్తే మెడ పట్టేసినట్టుంది. పంచదార డబ్బా సంగతి ఆఫీసంతా తెలిసిపోయింది.

నా గది అడ్రసు ఈ కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాశాను. దయచేసి ఇక అక్కడికే రాయి.

నువ్వు చెప్పినట్టే వెతికాను. ఎనిమిది ర్యాకులు అయ్యాయి, వంతెన ఫైలు లేదు. కానీ వేరేవి దొరికాయి, ఎలా రాయాలో తెలియడం లేదు.

మెట్ల మరమ్మతు ఫైలు కడుపులో, స్వీపరు పనిలో పాటలు పాడుతోంది కాబట్టి తీసేయమన్న ఉత్తర్వు ఉంది. మురుగుకాలువల ఫైల్లో, టైపిస్టు ఎదురు మాట్లాడింది కాబట్టి జీతం కోయమన్న కాగితం ఉంది. ఇలాంటివి నలభై మూడు దొరికాయి. అన్నీ ఎవరో ఒకరి మీద రాసిన కాగితాలే, ఒక్కటీ ఉండాల్సిన చోట లేదు.

ఈ గదిలో మిగతావన్నీ తెల్ల ట్యాగుతో కట్టినవి. ఈ నలభై మూడూ మాత్రం నీలం దారంతో, రెండు చుట్లు చుట్టి చివర పొట్టిగా కత్తిరించిన ముడితో ఉన్నాయి. నేను బడికెళ్ళేటప్పుడు నా పుస్తకాల కట్టకు నువ్వు వేసిన ముడి అది. ఎక్కడున్నా గుర్తుపడతాను.

అడగడానికి నోరు రావడం లేదు కానీ, అడగక తప్పదు. వంతెన ఫైలు నిజంగానే గుర్తు లేదా?

నీ
పిచ్చుక


జూన్ 17

చిరంజీవి పిచ్చుకకు,

విషయమూ సూచికా పెట్టడం లేదు, చూసుకో.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి సిగ్గేసింది, మూడోసారి నవ్వొచ్చింది. నలభై మూడే దొరికాయా? మొత్తం అరవై ఒకటి. నేనింకా కొంచెం తెలివైనదాన్నే అనుకున్నాను, మూడొంతుల్లో రెండొంతులు వారం తిరక్కుండానే లాగేశావు.

వాటిని కోపం కాగితాలు అనేదాన్ని. ఆఫీసరు కోపంలో రాసిన కాగితం వారంలోగా చేతికి దొరికితే మనిషిని కరుస్తుంది. ఏడాది తర్వాత దొరికితే రాసినవాడికే నవ్వొస్తుంది. అందుకని వాటిని చింపలేదు, దాచలేదు. చోటు తప్పించి పెట్టాను. ఎవరైనా అడిగితే "వెతుకుతున్నానండీ" అనేదాన్ని, నిజంగా నిచ్చెనెక్కి వెతికేదాన్ని కూడా. నీలం దారం నా గుర్తు కోసం. తాగొచ్చి మెట్ల మీద దొర్లినవాళ్ళ కాగితాలను మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ఉండాల్సిన చోటే ఉంచాను, వాళ్ళకు పడాల్సినవి పడ్డాయి.

ఇది తప్పా ఒప్పా అని నన్నడగకు. తప్పే. ఒక్క కాగితమూ చోటు తప్పలేదని గడియారం మీద చెక్కిస్తుంటే, వద్దనకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు. వంతెన గుర్తు లేదని నీకు రాయడం అన్నిటికంటే పెద్దది. నా చేతి పని తీసుకెళ్ళి నీ మెడకు చుట్టానే, పిచ్చుకా. ఆ గడియారం చూస్తే ఇప్పుడు నాకు మొహం చెల్లడం లేదు.

మిగతాది రెండో కాగితం మీద చదువు.

వంతెన ఫైలు పదకొండో ర్యాకు పై అరలో, "పాడైన టైపు మిషన్లు" అనే ఫైల్లో ఉంది. ఎందుకంటే, ఇరవై ఎనిమిదేళ్ళ కిందట మీ సూపరింటెండెంటు కొత్తగా చేరాడు. నీలాగే ప్రొబేషన్. అప్పటి ఆఫీసరు సెలవు చీటీ రాసిస్తే, ఇతను దాన్ని తీసుకెళ్ళి "కొట్టేయవలసిన ఎండు చెట్లు" ఫైల్లో పెట్టాడు. పాపం, నిజంగానే పొరపాటు. ఆఫీసరుకు అది పొరపాటులా కనపడలేదు. నీకిచ్చిన మెమోనే, అక్షరం పొల్లు పోకుండా ఇతనికీ వచ్చింది. తొమ్మిదో ర్యాకు వెనక నా స్టూలు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటికెళ్ళు, సంజాయిషీ ఇవ్వకు అన్నాను. మెమో ఆఫీసు నకలు నా దగ్గరికే వచ్చింది, అది లేనిదే ఎవరినీ ఇంటికి పంపలేరు. దాన్ని అప్పుడే కట్టిన వంతెన ఫైల్లో పెట్టి, ఆ ఫైలునే చోటు తప్పించాను. వంతెన ముప్ఫై ఏళ్ళైనా చెక్కుచెదరదనీ, ఆలోపు నేను బూడిదవుతాననీ అనుకున్నాను. నాలుగు నెలలు "వెతుకుతున్నానండీ" అన్నాక ఆఫీసరుకు బదిలీ అయింది. కాగితం ఏమైందని అతను నన్నెన్నోసార్లు అడిగాడు. తెలియదన్నాను.

వెళ్ళి ఫైలు తీసి ఇచ్చెయ్యి. అతని మెమో మాత్రం ముందే తీసెయ్యి. నాకు వేళ్ళు నొప్పి, కవరు మీద అడ్రసు మీ పెదనాన్న రాస్తున్నారు.

ఇట్లు,
గడియారానికి వీపు పెట్టి కూర్చున్న
పెద్దమ్మ


జూన్ 20

పెద్దమ్మా,

నా ఉత్తరం నీకు కోపం తెప్పించిందని అర్థమైంది. ఎనిమిది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. అడగకూడనిది అడిగాను, క్షమించు.

ఇక ఈ విషయం ఎత్తను. ఈ సోమవారం ఇరవై నాలుగు. సంజాయిషీ రాసేశాను. "వంతెన ఫైలును నేనే మిస్‌ఫైల్ చేశాను" అని ఇంగ్లీషులో శుభ్రంగా రాశాను. ఆ క్రియను తన గురించి వాడుకున్న మొదటి మనిషినన్నమాట. నలభై మూడు కాగితాలనూ మళ్ళీ ఎక్కడివక్కడే పెట్టాను, అంటే ఎక్కడ ఉండకూడదో అక్కడ. మిగతా ర్యాకులు వెతకలేదు, ఇంకేం దొరుకుతాయోనని. నీ ముడి నేను తప్ప ఇంకెవరూ గుర్తుపట్టరు. నా ఉద్యోగం మూడు నెలలది, పోతే పోయింది. నీ గడియారం ముప్ఫై ఒక్క ఏళ్ళది.

పోతే పోయింది అని రాశాను కానీ నిన్న ఎనిమిదో ర్యాకు తుడుస్తుంటే ఏడుపొచ్చింది. అమ్మకు ఏం చెప్పాలో మాత్రం నువ్వే ఆలోచించి పెట్టు.

నీ
పిచ్చుక


జూన్ 23

పిచ్చుకా! ఇవ్వకు! సంజాయిషీ ఇవ్వకు!

నేను పదిహేడునే రాశాను. అంతా రాశాను. నీకెందుకు చేరలేదా అని మీ పెదనాన్నను నిలదీశాను. నువ్వు వెనక రాసిచ్చిన కొత్త అడ్రసు కాగితాన్ని ఆయన భద్రంగా దాచారట. ఎక్కడ దాచారో గుర్తు రాక, మొదటిసారి పంపిన ఆఫీసు అడ్రసు చీటీ చూసి కవరు రాసేశారట. చేరడం ముఖ్యం కదా అంటున్నారు! నీ అడ్రసు కాగితం ఇప్పుడే బియ్యం డబ్బాలో దొరికింది. ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. గంటైంది, నీళ్ళ చప్పుడు కూడా లేదు.

ఆ ఉత్తరం నువ్వు తప్ప ఇంకెవరూ చదవకూడనిది. అతని సంగతి కూడా అందులో ఉంది. ఎవరి చేతిలో పడిందో! రేపు బస్సెక్కి నేనే వద్దామంటే మోకాళ్ళు లేవనివ్వడం లేదు. ఫోను చేయిద్దామంటే నీ నంబరు చీటీ కూడా ఆయన ఏ డబ్బాలో పెట్టారో దొరకడం లేదు.

పదకొండో ర్యాకు, పై అర, పాడైన టైపు మిషన్లు. ఈ ఒక్క ముక్క చాలు.

పెద్దమ్మ


జూన్ 26

పెద్దమ్మకు,

నీ ఇరవై మూడో తేదీ ఉత్తరం నిన్న చేరింది, ఈసారి సరైన అడ్రసుకే. ముందుగా పెదనాన్నను స్నానాల గదిలోంచి బయటికి రమ్మను. ఆయన చేసిన పొరపాటు ఎంత మంచి పొరపాటో విను.

సోమవారం పొద్దున సంజాయిషీ పట్టుకుని సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళాను. ఆయన లేరు. రికార్డు గదికి తిరిగొస్తే తాళం తీసి ఉంది. పదకొండో ర్యాకుకు నిచ్చెన వేసి ఉంది. తొమ్మిదో ర్యాకు వెనక నీ స్టూలు మీద ఆయన కూర్చున్నారు, చొక్కా నిండా దుమ్ము. ఒళ్ళో వంతెన ఫైలు, ఒక చేతిలో 452 నంబరు ముద్ర పడ్డ నీ ఉత్తరం, ఇంకో చేతిలో పసుపెక్కిన పాత కాగితం.

"ఇరవై ఎనిమిదేళ్ళమ్మా" అన్నారు. "ఇది ఈ గదిలోనే ఎక్కడో ఉందని తెలుసు. లోపలికొస్తే నా మీద పడుతుందేమోనని భయం. అందుకే గడప దాటేవాణ్ణి కాదు."

సంజాయిషీ ఆయన చేతికిచ్చాను. చదివి నా వైపు చూశారు.

"మిస్‌ఫైల్ చేశానని రాశారు. మీరు చెయ్యలేదుగా?"

"లేదండీ."

"మరెందుకు రాశారు?"

"పెద్దమ్మ గడియారం కోసమండీ."

ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "మీ పెద్దమ్మగారి గదిలో కాగితం చోటు తప్పదని గట్టిగా నమ్మాను, అందుకే తప్పంతా మీదే అనుకున్నాను. నాకొచ్చిన మెమోనే మాట మార్చకుండా మీకిచ్చాను, అదొక్కటే నాకు బట్టీ వచ్చిన మెమో" అన్నారు. తర్వాత నా సంజాయిషీని నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నారు.

నక్షాలు ఇంజినీర్లకు వెళ్ళాయి. వంతెన పునాదులు గట్టివేనట, పడగొట్టక్కర్లేదట, బాగు చేస్తారట.

నిన్న సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చారు. గడప దాటి, లోపలికి. నా మెమో ఆఫీసు నకలూ, ఆయన పాత మెమో రెండూ కలిపి నా చేతికిచ్చి, "వీటిని ఫైలు చెయ్యండి" అన్నారు.

"ఎక్కడండీ?"

"మీ పెద్దమ్మగారు ఎక్కడ పెట్టేవారో అక్కడ."

నువ్విక్కడ వదిలివెళ్ళిన సూదుల డబ్బాలో నీలం దారం ఇంకా కొంచెం మిగిలి ఉంది, పెద్దమ్మా. రెండు చుట్లు చుట్టాను. ముడి ఆయనే వేశారు. చివర కత్తిరించడం కూడా నీలాగే చేశారు, ఎప్పుడు చూసి నేర్చుకున్నారో.

నా ప్రొబేషన్ కాగితం మీద సంతకమైంది. అమ్మకు నువ్వే చెప్పు, నేను చెబితే నమ్మదు.

ఒక్క చిక్కు మిగిలింది. 452 నంబరు వేసిన నీ ఉత్తరం ఇన్‌వర్డు రిజిస్టరెక్కింది. చింపడానికి లేదు, ఎక్కడో ఒకచోట ఫైలు చెయ్యాలి. సూపరింటెండెంటు గారు మార్జిన్లో "రాసినవారి ఇష్టప్రకారం" అని రాశారు. ఎక్కడ పెట్టమంటావు?

నీ
పిచ్చుక


జూన్ 30

విషయం: ఇన్‌వర్డు నంబరు 452 – దాఖలు – గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ జూన్ 26.

చిరంజీవి పిచ్చుకకు పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదువుతూ చాలాసేపు ఏడ్చాను. మీ పెదనాన్న కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు, కాఫీ గిన్నెలో. మీ అమ్మకు రాశాను. నిన్ను ఏమైనా అంటే నా దగ్గర తన చిన్నప్పటి కాగితాలు చాలా ఉన్నాయని కూడా రాశాను.

452లో రెండు పేజీలున్నాయి. మొదటి పేజీలో నా తప్పు నా చేత్తో రాసి ఉంది. రెండో పేజీ ఇంకొకరి సంగతి. రెండూ విడదియ్యి.

మొదటి పేజీ ఐదో ర్యాకులో, నా సర్వీసు ఫైల్లో, అన్నిటికన్నా పైన పెట్టు. తెల్ల ట్యాగుతో కట్టు. వచ్చిన ప్రతివాడికీ కనపడాలి. గడియారం మీది మాట కింద ఒక చీటీ అంటించాను. "అరవై ఒకటి తప్ప" అని రాశాను. మీ పెదనాన్న వచ్చినవాళ్ళ చేత ఇప్పుడది కూడా చదివిస్తున్నారు.

రెండో పేజీ ఎక్కడ పెడతావో నాకు రాయకు. నాకొచ్చిన ఉత్తరాలు భద్రంగా దాచేది ఎవరో నీకు తెలుసు.

ఇట్లు,
పెద్దమ్మ

జత: నీలం దారం, ఒక ఉండ.